మా అమ్మ వ్రేలిముద్ర

చదువు వచ్చినవారెవరు, రానివారెవరు అను ప్రశ్నకు జవాబు చెప్పుట మిక్కిలి సులభమని చిన్ననాట అనుకొనెడివాడను. సంతకము చేయువాడు చదువుకొన్నవాడు. వ్రేలిముద్ర వేయువాడు చదువు లేనివాడు. లోకమంతయు ఇట్లే ఎంచుచున్నది గనుక నేనును అట్లే ఎంచితిని. తిరువూరులో ముప్పది సంవత్సరములకు పైగా కళాశాల విద్యార్థులకు ఆంగ్లము బోధించి, ఆ బోధనలోనుండియే అక్షరాస్యతా చరిత్రమును శోధించు పనికి దిగిన పిమ్మట ఆ కొలత తప్పుడు కొలత యని తెలిసికొంటిని. అయితే ఆ శోధన గ్రంథాలయములో ప్రారంభము కాలేదు. మా అమ్మ బొటనవ్రేలితో ప్రారంభమైనది. ఆ సంగతి ఇంతవరకు ఏ సభలోను చెప్పుకొనలేదు. చెప్పవలసిన వయస్సు వచ్చినదని ఇప్పుడు వ్రాయుచున్నాను.

తిరువూరు పూర్వపు కృష్ణాజిల్లాకు ఉత్తరపు అంచున నున్న మెట్టసీమ. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. మామిడితోటలు, మిరపచేలు గల నేల. 1948 వరకు ఈ సీమకు ఆవలి ఎల్ల నైజాము రాజ్యము. మా అమ్మ పుట్టినిల్లు ఆ ఎల్లకు ఆవలి పల్లె. ఆ రాజ్యములో కచేరీలలోను బడులలోను ఉర్దూ భాషదే పెత్తనము. తెలుగుపిల్లలకే చదువు దుర్లభముగా నున్నప్పుడు ఆడపిల్లల మాట చెప్పనేల? ఆమె తాత ప్రతిదినము సాయంకాలము అరుగు మీద భాగవతము చదువుచుండెడివాడట. ఈ పిల్ల ఆయన ఎదుట కూర్చుండి, ఆయన వ్రేలు ఏ అక్షరము మీద నిలిచెనో చూచి, ఆ ధ్వనిని ఆ అక్షరమునకు జతపరచుకొనెడిది. ఎదుట కూర్చుండుటచేత ఆమె అక్షరములను తలక్రిందులుగానే నేర్చుకొన్నది! ఆ పిమ్మట సరిగా పట్టిన పుస్తకమును చదువుటకు కొన్నాళ్లు కష్టపడినదట. ఏ విధముగా త్రిప్పి పట్టినను చదువగల నేర్పు ఆమెకు కడవరకు నిలిచి యుండెను. కాని కలము ఎన్నడును పట్టలేదు. ఆడపిల్ల ఎవరికి ఉత్తరములు వ్రాయవలెనని ఆ ఇంటి పెద్దల అభిప్రాయము.

1974లో నేను బెజవాడలో బి.ఏ. చదువుచుంటిని. పై చదువునకు సొమ్ము కావలసి వచ్చినది. అమ్మకు పసుపుకుంకుమల క్రింద వచ్చిన రెండెకరముల భూమి యుండెను. ఎల్లకు ఈవల మేనమామ వరుసవారి ఊరిలో అది ఆమెకు సంక్రమించినది. ఆ భూమిలోని బావిలో ఆమెకు సగము వంతు. ఆ రెండింటిలో ఒక ఎకరమును దూరపు బంధువొకరు కొనుటకు ఒప్పుకొనిరి. దస్తావేజు వ్రాయించిన పిమ్మట లేఖరి దానిని బల్లమీద తన వైపునకు త్రిప్పి పెట్టుకొని, ముద్రలు వేయవలసిన చోట్లు చూపుచుండెను. నేను సిరా మెత్త పట్టుకొని నిలిచియుంటిని. అమ్మ బల్లకు ఇవతల వంగి చూచుచు పెదవులు కదలించుచుండెను. ఏమి చూచుచున్నదో నేను గమనింపలేదు. ఇంతలో ఆమె నావైపు తిరిగి,

“ఒరే అబ్బాయ్, ఇందులో బావిలో మన వంతు యావత్తూ అని ఉందేమిట్రా? బావి అమ్మటం లేదుగా మనం?” అనెను.

లేఖరి తలయెత్తి నా ముఖము చూచెను. కొనువారు గడియారము చూచుకొనిరి. ‘జల తరు పాషాణ నిధి నిక్షేపములు’ అని ప్రతి దస్తావేజులోను వ్రాయు వరుస నాకు తెలియును. బావి మాటయు అట్టిదే కాబోలునని తలంచితిని. అంతకంటె నిజము, పదిమంది యెదుట మా అమ్మ అడ్డుప్రశ్న వేయుట నాకు చిన్నతనముగా తోచినది.

“అదంతా రాతకోతల భాషేనమ్మా, ప్రతి కాగితంలోనూ రాస్తారు. వేలు ఇటియ్యి, ఆయన ఎదురు చూస్తున్నాడు” అంటిని.

ఆమె మారు మాటాడక చేయి అందిచ్చెను. నేనే ఆ వ్రేలిని సిరాలో అద్ది, కాగితము మీద ఒత్తితిని. ముద్ర ప్రక్కన లేఖరి ‘నిశాని’ అని వ్రాసి ఆమె పేరు వ్రాసెను.

ఆ మాట రాతకోతల భాష కాదు. ఒక ఎకరముతోపాటు బావిలోని సగము వంతును సంపూర్ణముగా వెళ్లిపోయినది. మిగిలిన ఎకరమునకు నీరు లేకపోయెను. రెండేండ్లు వానల కొరకు చూచి, మూడవయేట దానిని వచ్చిన ధరకు వదలుకొంటిమి. ఒకనాడు సాహసించి ఆమెతో, “ఆ రోజు నీ మాట విననైతినమ్మా” అని చెప్పితిని. ఆమె కోపపడలేదు. “చదువుకున్నవాడివి గదా, నీకు తెలుసుననుకున్నా” అని మాత్రము చెప్పి, చేటలోని బియ్యము చెరుగుకొనుచుండెను.

ఈ వాక్యము నన్ను విడువలేదు. ఆ కాగితమును చదివినది ఆమె. చదువక ముద్ర వేయించినది నేను. అయినను సర్కారు లెక్కలో నేను విద్యావంతుడను, ఆమె నిరక్షరాస్య. ఇది ఎట్లు సంభవించినది?

కొంతకాలమునకు నేను ఉపన్యాసకుడనైతిని. మొదటి సంవత్సరపు తరగతిలో ఒక విద్యార్థిని లేపి ఆంగ్ల వాచకములోని పాఠమును చదువుమంటిని. తడబాటు లేకుండ ఒక పుట చదివెను. “ఇందులో ఎవరు ఎవరికి ఏమి చెప్పుచున్నారు?” అని అడిగితిని. ఆ బాలుడు చెప్పలేకపోయెను. ప్రక్కవానిని అడిగితిని, వాడును అంతే. కడపట వెనుక బల్లమీది పిల్ల యొకతె లేచి, “మాస్టారూ, ప్రశ్నలకు జవాబులు గైడులో ఉన్నాయండి, అవి అప్పజెప్పమంటారా?” అని వినయముగా అడిగెను. తరగతిలో ఎవరును నవ్వలేదు. వారికి అది సహజమైన ప్రశ్న. నాకు మాత్రము దస్తావేజు బల్ల జ్ఞప్తికి వచ్చినది. వ్రాసిన మాటను ఉచ్చరించవలెనే కాని అడుగరాదని నాకును ఎవరో నేర్పియుండవలెను. నేను ఇప్పుడు వీరికి అదియే నేర్పుచున్నాను.

ఆ యేడు వారికొక క్రొత్త పని యిచ్చితిని. ఇంటిలోని పెట్టెలను తెరచి, అందలి కాగితములను చూడుడు: దస్తావేజులు, ప్రామిసరీ నోట్లు, శిస్తు రసీదులు, పాత ఉత్తరములు. వానిలో సంతకము చేసినదెవరు, నిశాని వేసినదెవరు? ఇంటి పెద్దలలో ప్రతివారిని అడుగుడు: మొదటి అక్షరమును ఎవరు నేర్పిరి? మొదట చదివినదేమి? చదువ వచ్చియు వ్రాయరానివారు కలరా? తెలుగులో విని, వచ్చినంత ఆంగ్లములో వ్రాసికొని రండు. ఈ పని ప్రతి సంవత్సరమును చేయించితిని. నా శోధన యంతయు ఈ కాగితముల మూటయే.

ఆ మూటలో నేనెదురుచూడని మనుష్యులు కనబడిరి. ఒకామె పెనిమిటి వ్రాసిన ఉత్తరములను పొరుగువారిచేత చదివించుకొనుటకు సిగ్గుపడి, పిల్లల పెద్దబాలశిక్ష తీసికొని రహస్యముగా చదువ నేర్చెను. ఒకాయన బస్సుల నొసట వ్రాసిన ఊళ్లపేర్లతో అక్షరములు పట్టుకొనెను. తనకు తెలియని ఊరి పేరులో క్రొత్త అక్షరము వచ్చినప్పుడు కండక్టరును అడిగెడివాడట. మరియొక ముసలామె నిశాని మాత్రమే వేయును గాని, చాకలిపద్దును పాలపద్దును గోడమీద తన సొంత గీతలతో ముప్పదియేండ్లు నడపెను. మనుమరాలు ఆ గీతలను చూచి, అవ్వకు చదువు రాదని వ్రాయుటకు చేయి ఆడలేదని తన వ్యాసములో వ్రాసెను. ఆ వ్యాసములో వ్యాకరణదోషములు చాల గలవు. నేను వానిని దిద్దలేదు.

చదువుటయు వ్రాయుటయు ఒకే విద్య యని మనము తలంతుము. చరిత్రము అట్లు చెప్పదు. ఇంగ్లండులో 1753లో చేసిన వివాహ చట్టము మరుసటి యేట అమలునకు వచ్చినప్పటి నుండి వధూవరులు చర్చి పుస్తకములో చేవ్రాలు చేయుటయో, గుర్తు పెట్టుటయో ఆచారమైనది. పండితులు ఆ పుస్తకములను లెక్కించి, తొలిదినములలో సంతకము చేయగలిగినవారు పురుషులలో నూటికి సుమారు 60, స్త్రీలలో 40కి లోపు అని తేల్చిరి. అయితే అక్కడ పిల్లలకు ముందు చదువుట నేర్పి, వ్రాయుట తరువాత నేర్పెడివారు. చదువుట నేర్చినంతనే బడి మాని పొలమునకు పోయినవారు గుర్తు పెట్టినవారిలోనే చేరిపోయిరి. స్వీడను దేశపు కథ ఇంకను స్పష్టము. 1686 నాటి చర్చి శాసనము అందరును చదువ నేర్వవలెనని విధించెను. ఇంటింటను తల్లిదండ్రులు నేర్పుట, మతగురువు వచ్చి పరీక్షించి పుస్తకములో వ్రాసికొనుట. కొంతకాలమునకు ఆ దేశమున చదువరాని కుటుంబము అరుదాయెను. వ్రాయ వచ్చినవారు మాత్రము కొలదిమందియే. ఆ చర్చి పుస్తకములను చూచిననాడు మా అమ్మ అచ్చట పుట్టియున్నచో ఆమె పేరు ఏ గడిలో ఉండెడిదో చూచుకొంటిని.

మన దేశపు లెక్క ఎట్టిది? చెన్నపురి గవర్నరుగా నుండిన సర్ థామస్ మన్రో 1822లో రాజధాని యందలి దేశీయ పాఠశాలలను గూర్చి కలెక్టర్లందరిని విచారింప నాజ్ఞాపించెను. మచిలీపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు, కడప మొదలగు తెలుగు జిల్లాల నుండియు నివేదికలు వెళ్లినవి. ఆ నివేదికలను ధరంపాల్ గారు 1983లో ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ అను గ్రంథమున ప్రకటించిరి. 1826 మార్చిలో మన్రో వ్రాసిన దానిని బట్టి రాజధానిలో 12,498 పాఠశాలలు గలవు. జనులలో 67 మందికి ఒకరు బడికి పోవుచుండిరి. ఇండ్లలో చదువుకొనువారిని చేర్చినచో మగపిల్లలలో సుమారు మూడవవంతునకు చదువు కలదని ఆయన ఊహ. చదువు లేని దేశమని మనలను అనువారికి ఇది మంచి జవాబే. కాని ఆడపిల్లల గడిని కూడ చూడవలెను. బళ్లారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. వారిలో హిందువులు 6,398 మంది. అందులో బాలికలు 60 మంది మాత్రమే. పూర్వము బడులుండెనని గర్వించుటకును, ఆ బడులలో మన అమ్మమ్మలకు చోటు లేకపోయెనని సిగ్గుపడుటకును ఈ నివేదికయే సాక్ష్యము.

బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ సామాన్యుడు కాడు. 1816లో తెలుగునకు వ్యాకరణము వ్రాసి ప్రకటించినవాడు. 1823లో ఆయన పంపిన నివేదికలో ఆనాటి బడి కన్నులకు కట్టును. అయిదవయేట వినాయకపూజ చేసి, గురువు పిల్లవాని వ్రేలు పట్టి బియ్యములో వ్రాయించుట. పిదప ఇసుకలో అక్షరములు దిద్దుట. ఉదయము మొదట వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసి, రెండవవానికి సున్న చుట్టి, మూడవవాని నుండి దెబ్బలు లెక్కపెట్టుట. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పు పద్ధతిని ఆయన మెచ్చుకొనెను. కాని ఒక్క దోషమును దాచలేదు. పిల్లలకు అసంఖ్యాకమైన పద్యములు కంఠపాఠముగా వచ్చును, వాని అర్థము మాత్రము చిలుకకు తెలిసినంతయే తెలియును అని వ్రాసెను. చాలచోట్ల గురువునకే తెలియదని కూడ ఆయన ఆక్షేపణ. నేను ఈ పుట చదివినప్పుడు గైడు పట్టుకొని లేచిన ఆ పిల్ల నా యెదుట నిలిచినట్లాయెను. అప్పటి పద్యము పోయి ఆంగ్ల వాక్యము వచ్చినది. తాటియాకు పోయి కాగితము వచ్చినది. చిలుక మాత్రము పంజరములోనే యున్నది.

ఈ పంజరపు తలుపును తెరువ జూచిన ఉపాధ్యాయుడు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో చరిత్రము బోధించుచు, సవరల భాషను నేర్చి, వారి పిల్లలకు వారి మాటలతోనే చదువు చెప్పించుటకు పాటుపడిరి. 1906 ప్రాంతమున పాఠశాలల పరీక్షాధికారిగా నుండిన యేట్సు దొర, తెలుగువారు మాటాడు భాష యొకటియు పుస్తకములలోని భాష వేరొకటియు నగుటకు కారణమేమని ప్రశ్నించెను. పంతులుగారు ఆ ప్రశ్నను 1940లో కన్ను మూయువరకు విడిచిపెట్టలేదు. భాషావాదములో ఎవరు గెలిచిరి, ఎవరు ఓడిరి అనునది నాకిక్కడ ముఖ్యము కాదు. చదువుచున్న పిల్లవానికి తాను చదువునది బోధపడవలెనను పట్టుదల ముఖ్యము. నా గురువుల నుండి వచ్చిన యలవాటుచేత ఈ వ్యాసమును నేను గ్రాంథికచ్ఛాయలోనే వ్రాయుచున్నాను. పంతులుగారు చూచినచో మందలింపక మానరు. ఆ మందలింపునకు తల వంచుచున్నాను.

మా తిరువూరునకు పశ్చిమమున, మునేటి గట్టున పెనుగంచిప్రోలు కలదు. భండారు అచ్చమాంబగారు 1874లో ఆ యూర జన్మించిరి. చిన్నతనముననే వివాహమైనది, బడికి పోలేదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా, ఆయన తోడ్పాటుతో ఇంటనే చదువుకొనిరి. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను ప్రకటించి, స్త్రీల చరిత్రములను తెలుగువారి చేతిలో పెట్టిరి. 1902లో ఆమె వ్రాసిన ‘ధనత్రయోదశి’ తెలుగు కథలలో తొలినాటిది. 1905లో పరమపదించిరి. ముప్పదియొక్క యేండ్ల జీవితమున ఇంత పని! ఈమెను గూర్చి పాఠము చెప్పునప్పుడెల్ల ఒక తలంపు నన్ను బాధించును. ఆ ఇంట తమ్ముడు తన పుస్తకమును అక్కతో పంచుకొనెను. మా ఇంట కుమారుడు తల్లి చదివిన వాక్యమును వినలేదు. రెండూళ్ల నడుమ దూరము ఎక్కువ లేదు.

ఇక నేటి లెక్కలు. జనాభా లెక్కలవారు ఏడేండ్లు దాటి, ఏదేని ఒక భాషలో అర్థము తెలిసి చదువను వ్రాయను గలవారిని అక్షరాస్యులందురు. ఆ కొలత ప్రకారము 2011లో దేశమున నూటికి సుమారు 73 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 67 మంది అక్షరాస్యులు. ఆ రాష్ట్రపు స్త్రీలలో 59 మంది. అర్థము తెలిసి యను మాట ఆ నిర్వచనమున కలదు. కాని ఇంటింటికి వచ్చి ఫారము నింపువాడు అర్థమును పరీక్షించునా? ఇంటి యజమాని చెప్పినది వ్రాసికొని పోవును. మా అమ్మను గూర్చి అడిగినప్పుడు “చదువు లేదండి” అని చెప్పినవాడను నేనే.

అర్థమెరిగిన చదువు ఏమి చేయగలదో తెలుగువారే ఒకసారి లోకమునకు చూపిరి. 1990 తరువాత నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతోద్యమము నడచినది. పల్లెల స్త్రీలు రాత్రిబడులలో సారాయి వలన చెడిన కాపురముల కథను వాచకములో చదివిరి. చదివి ఊరకుండక, ఇది మా ఇంటి కథయే గదా, దీనికి మేమేమి చేయవలెనని ఒకరినొకరు అడిగికొనిరి. దూబగుంట గ్రామమున రోశమ్మ మొదలగువారు సారాయి దుకాణము మూయించిరి. ఆ యుద్యమము 1992లో జిల్లా యంతట వ్యాపించెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారాయి నిషేధము అమలు జరిగినది. వారిలో ఎందరికి దస్తూరి కుదిరినదో, ఎందరు తప్పులు లేక వ్రాయగలిగిరో ఎవరును అడుగలేదు. చదివిన మాటను తమ బ్రదుకుతో సరిచూచి ప్రశ్నించిరి. అక్షరాస్యత యనగా అదియే. ఆ విద్య మా అమ్మకు ఆనాడే కలదు. బి.ఏ. విద్యార్థినగు నాకు లేదు.

కడపట ఒక సంగతి చెప్పి ముగింతును. 2001లో రిజిస్ట్రేషను చట్టమునకు వచ్చిన సవరణ ననుసరించి క్రయవిక్రయములు చేయువారందరును, పట్టభద్రులైనను కాకున్నను, ఛాయాచిత్రముతోపాటు వ్రేలిముద్రలు కూడ నీయవలెను. ఆ తరువాత కొన్నేండ్లకు ఇంటిస్థలము కొనుటకై నేనొక కచేరీకి పోతిని. అప్పటికి అమ్మ లేదు. దస్తావేజు ప్రతి పుటమీదను వడివడిగా ఆంగ్లములో సంతకము చేసితిని. గుమాస్తా నా బొటనవ్రేలు పట్టుకొని ముద్ర వేయబోయెను. నా వ్రేలు మరియొకరి చేతిలో నున్నప్పుడు గాని నాకు తెలియలేదు: నేను ఆ కాగితమును ఈసారియు చదువలేదు!

చేయి వెనుకకు తీసికొంటిని. దస్తావేజు నందుకొని వసారాలోని బల్లమీద కూర్చుండి, మొదటి పంక్తి నుండి కడపటి పంక్తి వరకు చదివితిని. గుమాస్తా విసుగుకొనెను. వెనుక వరుసలో నున్నవారు గొణుగుకొనిరి. నా కుమారుడు దగ్గరకు వచ్చి, “నాన్నా, అంతా మామూలుగా రాసేదే” అని మెల్లగా చెప్పెను. వానికి నేను ప్రక్కన చోటు చూపి, పడమటి హద్దును గూర్చిన వాక్యము మీద వ్రేలుంచి, “ఇది చదివి, దీని అర్థమేమిటో నాకు చెప్పు” అంటిని. ఇద్దరమును కలిసి చదివితిమి. తప్పేమియు లేదు. అయినను ఆ అరగంట వ్యర్థమని నేననుకొనలేదు.

చదువరులారా, మీ ఇండ్లలోను బ్యాంకి కాగితమో, ఆసుపత్రి కాగితమో, పొలము కాగితమో వచ్చినప్పుడు తల్లియో, అత్తగారో, పనిమనిషియో దానిని చేతిలోనికి తీసికొని పెదవులు కదలించుట చూచియుందురు. ఆమె చేతి నుండి దానిని లాగికొనకుడు. “నీకు తెలియదులే” అనకుడు. ఆమెను తనకు వచ్చినంత నిదానముగా చదువనిండు. చదివి ప్రశ్న అడిగినచో, ఎవరు గడియారము చూచుకొనుచున్నను, ముందు ఆ ప్రశ్నకు జవాబు చెప్పుడు. జవాబు మీకు తెలియనిచో ఆ ముద్రను ఆనాటికి ఆపుడు.